చలికాలపు డీజిల్ మందు సీసా వారికి

అయ్యా సీసా వారూ, నమస్కారం.

సిమిలిగుడ బజారులో, స్పేరు పార్టుల దుకాణం అద్దాల బీరువాలో తమరు కొలువుతీరి ఉండగా దర్శనం చేసుకున్నాను. ఒంటి నిండా మంచుకొండలు, నడుమ ఒక లారీ, కింద ‘మైనస్ 30లోనూ గడ్డకట్టదు’ అన్న అభయం. మా ఒడిశా కొరాపుట్ జిల్లాలో జనవరి తెల్లవారుజామున చలి ఐదారు డిగ్రీలకు దిగితేనే ఊరంతా మంకీ టోపీల్లో తిరుగుతుంది. మైనస్ 30 కావాలంటే తమరు లడఖ్ వెళ్లాలి. అక్కడా పోటీ తప్పదు: మైనస్ 33 దాకా పారే డీజిలును ఇండియన్ ఆయిల్ 2019లోనే అక్కడికి పంపింది.

తమరి విద్యను తక్కువ చేయడం లేదు. డీజిలులోని మైనం చలికి పలుకులు కట్టి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. ఆ పలుకులను తమరు పెద్దవి కానివ్వరు. కాకపోతే మైనం తేలకముందే ట్యాంకులో పడాలి. పేరుకున్నాక పోస్తే ఫలితం సున్నా. పైగా చలికాలంలో అమ్మే డీజిలు 6 డిగ్రీల దాకా ఫిల్టరులోంచి దిగి తీరాలని మన దేశపు ప్రమాణమే చెబుతోంది. అంటే పొట్టంగి కొండల్లో బాగా చలి పడిన ఏ కొద్ది రాత్రులో తమరికి ఉద్యోగం.

తమరి పక్కనున్న సీటేన్ పెంచే సీసా మైనం జోలికి పోదు, ఇంధనం త్వరగా అంటుకునేలా చూస్తుంది. మూడోది నీటి సంగతి చూస్తానంటుంది. దుకాణదారు మాత్రం మూడింటినీ ‘చలిమందు’ అనే అంటాడు, ఖరీదైనదే మంచిదంటాడు.

మొన్న మా బావమరిది అల్లం బస్తాలతో సాలూరు బయల్దేరబోతే వ్యాను స్టార్టు కాలేదు. ఇంటిల్లిపాదీ తమరినే తలుచుకున్నారు. మెకానిక్ వచ్చి ఫిల్టరు అడుగున మర వదులు చేసి గాజు గ్లాసులో పట్టాడు. పైన లేత పసుపు డీజిలు, అడుగున తేటనీరు! బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడిని వేణ్ణీళ్లతో కడిగాడు. స్టార్టు చేసే ముందు ఇంజను లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గుల్లో చచ్చిపోయినది ఒకటి మార్చాడు. ఒక్క సెల్ఫుకే బండి అందుకుంది.

కిరోసిన్ కలిపితే పోలా అనే మావయ్య ఒకరున్నారు మాకు. అది నేరమూ, బండిలోని డీజిలు పంపుకు చేటూ. ఆయన వైద్యం కంటే తమరే నయం.

కనుక మనవి: ఆ మైనస్ 30 పక్కన ‘ముందు బ్యాటరీ చూసుకోండి’ అని ఒక ముక్క అచ్చు వేయించుకోండి. దుకాణదారు అడ్డు చెప్పడు లెండి, బ్యాటరీలు అమ్మేదీ ఆయనే.

ఇట్లు,
సిమిలిగుడ వ్యాను యజమాని