మహారాజశ్రీ మిక్సీ గారికి, మూత మీది చెయ్యి వ్రాయునది

మహారాజశ్రీ మిక్సీ గారి దివ్యసముఖమునకు, ప్రతి ఉదయం మీ మూతను అదిమి పట్టుకునే చెయ్యి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమ సమాచారం వీధి మలుపు దాకా వినబడుతూనే ఉంది కాబట్టి వేరే అడగడం లేదు.

తమరు వేంచేసిన అట్టపెట్టెను మేము ఇంకా అటక మీదే భద్రంగా దాచాం. వారంటీ కార్డు అందులోనే ఉందని ఇంటిల్లిపాదికీ ఒక నమ్మకం. ఆ పెట్టె మీద బంగారు రంగులో ఒక మాట అచ్చువేశారు: వినియోగదారుల అవసరాలను క్షుణ్ణంగా తెలుసుకుని తమరిని రూపొందించారట. చదివి మురిసిపోయాను. ఆ అవసరాలేమిటో కిందనే బొమ్మలతో సహా వేశారు. వెయ్యి వాట్ల మోటారు. ముట్టుకుంటే పలికే మీటలు. పళ్లరసానికి నాలుగో జారు. మీరు తిరుగుతున్నంతసేపూ నడుము చుట్టూ వెలిగే నీలం దీపం.

దీపం సంగతి ముందు చెప్పుకుందాం. మీరు తిరుగుతున్నారని తెలియజేయడానికి అది పెట్టారట. ఆ సంగతి ఇంకా తెలియనివారు మా అపార్ట్‌మెంటులో ఎవరైనా మిగిలి ఉంటే వారికి ఎంతో ఉపయోగం. ఇక ముట్టుకునే మీటలు. వంటింట్లో చెయ్యి పొడిగా ఉండే సందర్భం ఏదైనా ఉంటే, అది వంట అయిపోయాకే. మినప్పిండి అంటిన వేలితో తాకితే మీరు పలకరు. గట్టిగా తాకితే అప్పుడూ పలకరు. కొంగుతో తుడిచి తాకితే ఒక్కసారిగా మూడో వేగంతో లేస్తారు. పాత మిక్సీకి గుండ్రటి మీట ఉండేది. ఎడమవైపు తిప్పి వదిలితే ఒక్క క్షణం తిరిగి ఆగేది, కుడివైపు తిప్పితే ఒకటి, రెండు, మూడు. చూడకుండానే మణికట్టుకు తెలిసిపోయేది. దాన్ని తీసేయమని ఏ వినియోగదారుడు కోరాడో ఆయన్ని ఒకసారి మా ఇంటికి భోజనానికి పంపండి.

కోపగించుకోకండి. మీ వంశం మీద నాకు గౌరవమే. మీ మూలపురుషుడు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, రసీన్ అనే ఊళ్లో పుట్టాడు. గిన్నె అడుగున తిరిగే బ్లేడు పెట్టాలన్న ఆలోచన స్టీఫెన్ పొప్లావ్‌స్కీది, 1922 నాటిది. ఎందుకు? పాలలో మాల్టు పొడి కలపడానికి. హార్లిక్ సోదరులు తమ మాల్టు పొడి కంపెనీని నడిపిన ఊరు కూడా అదే రసీన్. ఆసుపత్రిలో ఎవరినైనా చూడడానికి వెళ్తే మన చేతిలో ఉండే హార్లిక్స్ సీసాకూ, మీకూ పుట్టిల్లు ఒకటేనన్నమాట. (ధవళేశ్వరంలో హార్లిక్స్ కర్మాగారం వెలిసినప్పుడు ఈ చుట్టరికం ఎవరికీ తట్టినట్లు లేదు.) తరవాత 1937లో ఫ్రెడ్ వేరింగ్ అనే బ్యాండు నాయకుడు మీ వంశాన్ని చేరదీసి అమెరికా హోటళ్లకు, బార్లకు పరిచయం చేశాడు. ఒక సంగీతకారుడి పెంపకంలో పెరిగిన వంశానికి ఈ గొంతు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అంటే మీ పూర్వులకు తెలిసిన కష్టం పాలు, పండు, మంచు ముక్క. పసుపు కొమ్ము ముఖం వాళ్లు చూడలేదు. నానబెట్టిన మినపప్పు, ఎండు కొబ్బరి, చింతపండుతో కలిసిన గోంగూర వాళ్ల ఊహలో లేవు. అలాంటి యంత్రాలు విదేశాల నుంచి మన వంటిళ్లకు వచ్చి మాడిపోయాయంటే తప్పు వాటిది కాదు. బొంబాయిలో 1963లో జరిగిందీ అదే. సీమెన్స్‌లో ఇంజనీరుగా ఉన్న సత్యప్రకాశ్ మాథుర్ గారి ఇంట్లో జర్మన్ మిక్సర్ చెడిపోయింది. బాగుచేసే దిక్కు లేదు. ఆయన భార్య మాధురి గారికి కావలసింది మన మసాలాకు, మన పిండికి తట్టుకునే మోటారు. ఆయన అది చేసి పెట్టారు, ఆ పనికే ఒక సంస్థనూ పెట్టారు. సుమీత్ మిక్సీ అలా పుట్టింది. దేశమంతా రోళ్లు పెరట్లోకి వెళ్లిపోయింది ఆ తరవాతే.

ఇందులో ఒక చిన్న విషయం గమనించండి. అక్కడ ఇంజనీరు వెళ్లి మార్కెట్‌ను అడగలేదు. రుబ్బే మనిషి పక్కగదిలోనే ఉంది. ఆమెకు నచ్చకపోతే రాత్రి భోజనం దగ్గర ఆ సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు మీరు ఎవరిని అడుగుతున్నారో నా కళ్లతో చూశాను. ఆ మధ్య ఒక కుర్రవాడు మెడలో కార్డు వేసుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మిక్సీల గురించి అభిప్రాయ సేకరణట. మా అత్తయ్యకు అలాంటివంటే సరదా. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"ఏ రంగు అయితే బాగుంటుందండీ? ఎరుపా, నలుపా, వెండి రంగా?"

"రంగుదేముంది బాబూ, ఎలాగూ పసుపు రంగుకే వస్తుంది. బ్లేడు కింద పేరుకున్న పచ్చడి గరిటెకు అందడం లేదు, అది రాసుకో."

"అది ఇందులో లేదండీ. ఫోనుతో నడిచే మిక్సీ వస్తే ఇష్టపడతారా?"

"పప్పు నానబోసి, కడిగి, జారులో వేసి, మూత పెట్టి, ఆ తరవాత ఫోను వెతుక్కోవాలా?"

ఆ అబ్బాయి ఏదో నొక్కాడు. అవును అనే నొక్కి ఉంటాడని నా అనుమానం. చివరగా, ఇంట్లో ఏ వస్తువు కొనాలో నిర్ణయించేది ఎవరని అడిగాడు. మా అబ్బాయేనంది అత్తయ్య. అయితే మిగతా ప్రశ్నలు సార్‌ను అడుగుతానని ఆయన నంబరు రాసుకుని, మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. సార్ ఆ రోజు దాకా మీ చట్నీ జారు మూత తీసి ఎరుగరు. అయినా సాయంత్రం ఫోనులో చాలాసేపు మాట్లాడారు. వాట్లు ఎక్కువ ఉండాలని గట్టిగా చెప్పారు.

మిక్సీ గారూ, మీ జాతకం మారింది అక్కడే. కొనేవారిని అడిగారు, రుబ్బేవారిని వదిలేశారు. కొనేవారికి దుకాణంలో కనిపించేది ఒక అంకె. 500 పక్కన 750 ఉంటే 750 గొప్ప, దాని పక్కన 1000 ఉంటే అది ఇంకా గొప్ప. వాట్లంటే మీరు లాగే కరెంటు లెక్కే తప్ప చేసే పని లెక్క కాదని ఎవరూ చెప్పరు. అల్లుడు పూటకు ఎన్ని గారెలు తింటాడో చెప్పి సంపాదనపరుడని పొగిడినట్లుంది. పసుపు, ధనియాలు దంచేటప్పుడు బలమైన మోటారు కావాలి, కాదనను. కానీ ఉదయం ఏడింటికి నాకు కావలసింది ఇడ్లీలోకి ఇంత అల్లం పచ్చడి.

ఆ పచ్చడి కథ దగ్గరగా వచ్చి చూడండి. చట్నీ జారులో నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు అల్లం ముక్కలు, చిటికెడు జీలకర్ర. మీట నొక్కగానే మీరు నిమిషానికి వేల చుట్లు తిరుగుతారు. మొదటి క్షణంలోనే మిరపకాయలు తునకలై గోడలకు ఎగిరి అతుక్కుంటాయి. ఆ తరవాత బ్లేడు తిరిగేది గాలిలో. మోత మాత్రం పూర్తిగా ఉంటుంది. ఆపి, మూత తీసి, చెంచాతో గోడలు గీకి కిందికి తోసి, మళ్లీ మూత. మళ్లీ ఎగురుతాయి. ఇంకాస్త నీళ్లు పోస్తే మెత్తబడుతుంది కానీ అది పచ్చడి కాదు, చారు. ఇక్కడ కావలసింది ఇంకో 250 వాట్లు కాదు. అడుగు ఇరుకుగా ఉన్న చిన్న జారు, అడుగుకు దాదాపు ఆనేలా వంచిన బ్లేడు, వీటికి తోడు నిజంగా నెమ్మదిగా తిరిగే ఒకటో వేగం. మీ ఒకటో వేగం పేరుకు ఒకటో వేగం. అందులో వేస్తే దోసకాయ ముక్క కూడా ముక్కగా మిగలదు. రోటి పచ్చడిలో ముక్క పంటికి తగలాలన్నది మాకు ప్రాణసమానమైన విషయం. రోలు నలుపుతుంది, మీరు కోస్తారు. ఆ తేడా మీ చేతిలో లేదని ఒప్పుకుంటాను. నెమ్మదిగా కోయడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఇక మూత. ఇన్నేళ్ల శాస్త్ర పురోగతి తరవాత కూడా మిక్సీ తిరుగుతున్నంతసేపూ మూత మీద ఒక మనిషి చెయ్యి ఉండాలి. లేకపోతే సాంబారు మసాలా పైకప్పును చేరుతుంది. మూతకు అటూ ఇటూ రెండు బిగింపులు పెట్టి ఇక చేతితో పని లేదన్నారు. వాటిలో ఒకటి మొదటి వేసవికే ఊడి వచ్చింది. లోపలి రబ్బరు రింగు రోజూ సింకులో పడి చిప్ప వెనక దాక్కుంటుంది. అది లేకుండా మూత పెట్టిన రోజున గోడలు తుడిచేది మీ రూపకర్తలు కారు కదా.

జారును తిరగేసి చూసే అలవాటు మీ రూపకర్తలకు ఉందా? మోటారు మీద కూర్చునే ఆ చక్రం చుట్టూ, సన్నటి గాడిలో, ఎప్పటిదో తెలియని పిండి ఎండి సిమెంటులా ఉంటుంది. పాత టూత్‌బ్రష్ లేని ఇల్లు మిక్సీ కొనకూడదు. మీకు ఇచ్చిన ఉచిత బహుమతుల్లో గరిటె ఉంది, వంటల పుస్తకం ఉంది, ఆ బ్రష్ లేదు.

శబ్దం మాటకొస్తే, 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 మించకూడదు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. ఆ నిబంధనలు రాసినప్పుడు ఎవరి దృష్టిలోనూ మీరు లేరు, లౌడ్‌స్పీకర్లు ఉన్నాయి. అయినా పరీక్షలకు చదువుకునే పిల్ల ఉన్న ఇంట్లో, తెల్లవారుజామున అయిదున్నరకు, తలుపులన్నీ మూసి, మీ మీద పాత దుప్పటి కప్పి కొబ్బరి రుబ్బే తల్లి పరిస్థితి ఒక్కసారి ఊహించండి. దుప్పటి కప్పితే మీకు గాలి ఆడదని, మోటారు వేడెక్కుతుందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

విదేశాల్లోని మనవాళ్లను మాత్రం మీరు బాగానే అర్థం చేసుకున్నారు. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనది 230. ఇక్కడి మిక్సీని సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తీసుకెళ్లినవాళ్లకు అక్కడ అది నీరసంగా మూలిగిందే తప్ప తిరగలేదు. పక్కన ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్న ఇళ్లున్నాయి. ఇప్పుడు అక్కడి వోల్టేజీకే చేసిన మన మిక్సీలు అక్కడే దొరుకుతున్నాయి. డాలర్లు ఇచ్చేవాళ్ల చట్నీ గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించగలిగినవారు, రూపాయలు ఇచ్చేవాళ్ల చట్నీ గురించి కూడా ఆలోచించగలరని ఆశ.

ప్రస్తుతానికి పెద్ద కోరికలేమీ లేవు. పోయిన వారం ఇడ్లీ పిండి సగంలో ఉండగా మీరు ఆగిపోయారు. అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కాను, లేవలేదు. చూస్తే మోటారు మీద ఉండి జారు బ్లేడును తిప్పే నల్లటి కప్లర్ పళ్లు అరిగిపోయి ఉన్నాయి. అరచేతిలో ఇమిడే ఆ నల్ల ముక్క కోసం దుకాణానికి వెళ్తే, ఆ మోడల్ ఆగిపోయిందమ్మా, దానికి స్పేర్లు రావడం లేదన్నారు. కొత్త మోడల్ చూపించారు. నడుము దీపం ఇప్పుడు ఏడు రంగుల్లో వెలుగుతుందట.

ఇట్లు,
మీ మూత మీది చెయ్యి

తా.క.: మీ కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. తెలుగు కోసం రెండు నొక్కమంది. నొక్కాను. ఫిర్యాదు అయితే మూడు నొక్కమంది. అదీ నొక్కాను. మా సేవలతో మీరు ఎంత సంతృప్తి చెందారో ఒకటి నుంచి అయిదు లోపు నొక్కమంది. సున్నాకు మీట పెట్టలేదు, అది కూడా రూపకర్తలకు చెప్పగలరు.