మైకు ముందు ఒంటరి మనిషి

కోదాడ కుర్రాడు వేణుమాధవ్ మాట్లాడే బొమ్మతో, మిమిక్రీతో తెలుగుదేశం సభల్లో జనాన్ని నవ్వించి, 1996లో ‘సంప్రదాయం’ చిత్రంతో వెండితెరకు వచ్చారు. 1998లో ‘తొలిప్రేమ’ గుర్తింపు తెచ్చింది, 2005లో ‘హంగామా’లో అలీతో పాటు కథానాయకుడయ్యారు, మరుసటి ఏడాది ‘లక్ష్మి’లోని పాత్ర నంది పురస్కారాన్ని అందించింది. ఆపైన తెర మీద క్రమంగా అరుదైపోయి, 2019 సెప్టెంబరు 25న కన్నుమూశారు. అవకాశాలు వచ్చాయి, పోయాయి అని సరిపెట్టుకోవచ్చు గానీ, వేదిక తయారుచేసి పంపిన కళాకారుణ్ని మన సినిమా ఏ మేరకు వాడుకుంటోందన్నది అడగవలసిన ప్రశ్నే.

రావలసిన నాయకుడు గంటల తరబడి ఆలస్యమైతే కుర్చీలు ఖాళీ కాకుండా కాపాడవలసినవాడు మిమిక్రీ కళాకారుడే. అతని చేతిలో ఉన్నది ఒక్క మైకు. పెదవులకు ఆనిస్తే స్టేషనులోకి దూసుకొస్తున్న రైలు, జానెడు దూరం జరిపితే అదే రైలు పొలిమేర దాటి పోతున్న చప్పుడు. ముందు వరుస పగలబడి నవ్వుతున్నా వెనక నిలబడినవారిలో చలనం లేదంటే, ఆ క్షణానే గొంతు మార్చాలి, కుదరకపోతే ఆ అంశాన్నే వదిలేయాలి. రెండో టేకు అక్కడ ఉండదు.

అంత కసరత్తు చేసి వచ్చినవాడికి సినిమా ఇచ్చేది, చాలా సందర్భాల్లో, కథతో పొత్తు లేని ఒక కామెడీ ట్రాకు, నాలుగు చెంపదెబ్బలు. పాతిక గొంతులు పలికే మనిషి ఒకే యాసకు, ఒకే అరుపుకు పేరుబడితే ఇక జీవితాంతం అదే అరవాలి. అది విసుగు పుట్టించిన నాడు పిలుపులు ఆగిపోతాయి. ఈ పాపంలో ప్రేక్షకులుగా మన వాటా కూడా లేకపోలేదు.

అదే పేరున్న మరో మహానుభావుడు, వరంగల్లుకు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్, అడపాదడపా సినిమా వేషాలు వేసినా వేదికనే నమ్ముకున్నారు. పరిహాసంగా చూసే అనుకరణను ధ్వన్యనుకరణ అనే కళగా నిలబెట్టి, శాసనమండలి సభ్యత్వాన్ని, 2001లో పద్మశ్రీని అందుకున్నారు. అయితే ఆయన దారిలో నడిచి బతుకు వెళ్లదీయడం అందరికీ సాధ్యమని చెప్పే ధైర్యం మాకు లేదు.

2013లో ‘జబర్దస్త్’ మొదలయ్యాక ఊళ్ల నుంచి వచ్చిన నటులకు వారం వారం పని, పేరు దొరికాయి. శరీరాకృతిని, ఆడవేషాలను వెక్కిరించి నవ్వు రాబట్టే అలవాటును ఆ కార్యక్రమం పెంచిందన్న విమర్శ మాత్రం న్యాయమైనదే. అక్కడి నుంచి వచ్చిన వేణు యెల్దండి 2023లో ‘బలగం’ తీసి, చావు ఇంట్లో నవ్వునూ ఏడుపునూ ఒకే చాప మీద కూర్చోబెట్టారు. తెలంగాణ పల్లెల్లో ఆరుబయట తెరలు కట్టుకుని మరీ ఆ చిత్రాన్ని చూశారు. స్కిట్లలో గంతులేసిన మనిషిలో అంత కథ ఉందని అన్నేళ్లపాటు ఏ నిర్మాతా పసిగట్టకపోవడమే మమ్మల్ని ఆలోచింపజేస్తోంది.

ఉభయ రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు హాస్య కళాకారులను ఉత్సవాల్లో ఖాళీ సమయాన్ని నింపేవారిగా చూడటం మానాలి. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ సభామందిరాలను నెలకు ఒక సాయంత్రమైనా వారికి అద్దె లేకుండా ఇచ్చి, టికెట్ల రాబడి వారికే వదలాలి. వయసు మళ్లిన మిమిక్రీ కళాకారుల ప్రదర్శనలను ఇప్పుడే రికార్డు చేయించి భద్రపరచాలి. గొంతు పోయాక చేయగలిగేది ఏమీ ఉండదు.