202 మంది మాట్లాడారు సరే, జవాబెవరిచ్చారు?

పార్లమెంట్ సెషన్ ముగింపుకొచ్చిన ప్రతిసారీ నా టైమ్‌లైన్‌లో ఇదే తంతు. ఎవరో ఒక ఎంపీ లేచి మా దగ్గర ఫలానా ఎక్స్‌ప్రెస్ ఆగట్లేదు అధ్యక్షా అనో, హైవే పక్కన సర్వీస్ రోడ్డు లేక జనం చచ్చిపోతున్నారు అనో మాట్లాడిన క్లిప్ ఒకటి తిరుగుతుంది, దాని కింద మన మేధావులు దిగిపోతారు, దేశంలో ఇన్ని పెద్ద సమస్యలుంటే ఈయనకి రైలు హాల్ట్ కావాల్సొచ్చిందా, ఇది ఎంపీ పనా సర్పంచ్ పనా అని ఒకటే వెటకారం. ఇంకో బ్యాచ్ అదే క్లిప్‌కి మాస్ బీజీఎం తగిలించి పార్లమెంట్‌ని దద్దరిల్లించిన అన్న అని స్టేటస్‌లు పెట్టుకుంటారు. ఈ రెండు బ్యాచ్‌లతోనూ నాకు పేచీ ఉంది, అందుకే ఈ పోస్ట్. పెద్దదే, ఓపికుంటే చదవండి.

ముందు వెటకారం బ్యాచ్ సంగతి. రైలు ఎక్కడ ఆగాలో డిసైడ్ చేసేది రైల్వే. నేషనల్ హైవే మీద అండర్‌పాస్ ఎక్కడ పెట్టాలో చెప్పేది కేంద్రం కింద ఉన్న హైవే అథారిటీ. కేంద్రీయ విద్యాలయం, ఈఎస్ఐ హాస్పిటల్, బీఎస్ఎన్ఎల్ టవర్, పాస్‌పోర్ట్ ఆఫీసు, పత్తి కొనే సీసీఐ సెంటర్, ఇవన్నీ ఎవరి చేతిలో ఉన్నాయి? ఢిల్లీ చేతిలోనే కదా. మరి వీటి గురించి పార్లమెంట్‌లో కాకపోతే ఎక్కడ అడగాలి, గ్రామసభలోనా? ఎంపీ లాడ్స్ ఫండ్ (నియోజకవర్గం పనులకి ఎంపీకిచ్చే నిధి) ఉంది కదా దాంతో చేసుకోవచ్చు కదా అంటారు కొందరు. ఏడాదికి 5 కోట్లు అది, ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉంటాయి మన దగ్గర, పంచుకుంటే ఒక్కోదానికి కోటి కూడా రాదు, దాంతో కమ్యూనిటీ హాల్ కట్టొచ్చు బోరు వేయించొచ్చు గానీ రైల్వే బ్రిడ్జి కట్టిస్తారా.

కాబట్టి నా లెక్కలో నియోజకవర్గం గోడు సభలో చెప్పడం చిన్న పని కాదు. 543 మందిని 543 చోట్ల నుంచి ఎన్నుకున్నదే అందుకు. అందరూ విదేశాంగ విధానం మీదే మాట్లాడాలంటే ఢిల్లీలోనే ఓ వంద మందిని చూసుకుంటే సరిపోయేది, మనకి ఈ ఎలక్షన్లు ఎండలు క్యూలు ఎందుకు.

ఇప్పుడు బీజీఎం బ్యాచ్ దగ్గరికొద్దాం, అసలు కోపం వీళ్ల మీదే.

మీ అన్న మాట్లాడింది ఎక్కువసార్లు జీరో అవర్‌లో. ఈ జీరో అవర్ అనేది సభ రూల్స్ పుస్తకంలోనే లేదు, ఆనవాయితీగా నడుస్తోంది, 1960ల నుంచి. క్వశ్చన్ అవర్ అయ్యాక మెంబర్లు అర్జెంట్ విషయాలు లేవనెత్తుతారు. ముందే నోటీస్ ఇవ్వాలి, బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, పేరు రావాలి, వస్తే నిమిషమో రెండు నిమిషాలో దొరుకుతుంది, ఆ తర్వాత పక్క పేరు పిలుస్తారు, మైక్ అటు పోతుంది. అంతే. మంత్రి లేచి జవాబు చెప్పాలన్న రూల్ ఏమీ లేదు. మంత్రి సభలో ఉన్నా తల దించుకుని ఫైల్ చూసుకుంటూ కూర్చోవచ్చు, ఎవరూ అడగరు. కొన్నిసార్లు లేచి చెప్తారు, చెప్తే అది వాళ్ల మంచితనం.

2025 బడ్జెట్ సెషన్ ఏప్రిల్ 4న ముగిసింది. దానికి ముందు రోజు, అంటే 3వ తేదీన, లోక్‌సభలో జీరో అవర్ ఐదు గంటలకు పైగా నడిచింది, 202 మంది ఎంపీలు మాట్లాడారు. రికార్డ్ అది. అంతకుముందు 2019 జూలైలో ఒక రోజు 160 మందికి పైగా మాట్లాడితేనే అబ్బో అన్నారు. కానీ ఈ 202 మంది ఏం మాట్లాడారో మీలో ఎంతమందికి తెలుసు? నాకూ చాలా రోజుల తర్వాతే తెలిసింది. ఎందుకంటే అదే రోజు తెల్లవారుజామున సభ వక్ఫ్ బిల్లు పాస్ చేసింది, టీవీలన్నీ దాని మీదే, అది పెద్ద వార్తే కాదనను. కానీ 202 మంది అంటే ఆ సభలో మూడో వంతు కంటే ఎక్కువ మంది, అంతమంది తమ ఊళ్ల గురించి చెప్పుకున్న రోజు ఒక్క ఛానెల్లో ఒక్క గంట ప్రోగ్రామ్ కూడా నా కంట పడలేదు.

సరే స్పీకర్ గారు అందరికీ ఛాన్స్ ఇచ్చారు, మంచి పని, ఒప్పుకుంటాను. మరి ఆ తర్వాత?

ఇక్కడే ఉంది అసలు కిటుకు. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది, 1953 నుంచి ఉంది. మంత్రి సభలో లేచి పరిశీలిస్తాం అనో, చూస్తాను అనో అంటే చాలు, ఆ మాటని హామీగా రాసుకుని అది తీరిందా లేదా అని వెంటపడటం దాని పని. ఎంత బాగుంది కదా. కానీ వెంటపడాలంటే ముందు మంత్రి ఏదో ఒకటి అనాలి. జీరో అవర్‌లో మంత్రి నోరే విప్పకపోతే హామీ ఎక్కడిది, కమిటీ దేని వెంట పడుతుంది? మన ఎంపీ గొంతు చించుకున్నదంతా రికార్డుల్లో ఉంటుంది, ఎవరి మెడకీ చుట్టుకోదు. ఏ మంత్రికైనా ఇంతకంటే హాయి ఉంటుందా చెప్పండి.

లోక్‌సభలో సమస్యని లేవనెత్తడానికి ఇంకో దారి ఉంది, రూల్ 377, అది కొంచెం నయం. 250 పదాల్లోపు రాసి ఇవ్వాలి, చదవడానికి టైమ్ లేకపోతే సభ ముందు పెట్టేసినట్టు భావిస్తారు. దానికి సంబంధిత శాఖ నుంచి మెంబర్‌కి ఉత్తరం రావాలి, నెలలోపు పంపాలన్నది పద్ధతి. రాజ్యసభలో స్పెషల్ మెన్షన్ అని ఇలాంటిదే. ఉత్తరం వస్తుంది నిజమే, ఎంపీగారికి వస్తుంది, ఆయన పీఏ ఫైల్‌లో పెడతాడు. ఆ ఉత్తరంలో "ఆచరణ సాధ్యం కాదు" అని ఉందా, "ట్రాఫిక్ సర్వే చేయిస్తున్నాం" అని ఉందా, ఓటేసిన మనకి తెలిసే దారేది? సభలో మాట్లాడిన వీడియో మాత్రం పది గ్రూపుల్లో వస్తుంది. జవాబు ఉత్తరం ఒక్క గ్రూపులోనూ రాదు. నాకు ఇంతవరకు ఒక్క ఎంపీ పేజీలో కూడా అది కనబడలేదు, ఎవరైనా పెట్టి ఉంటే కామెంట్లో లింక్ ఇవ్వండి, సంతోషంగా షేర్ చేస్తాను.

బ్రిటన్‌లో దీనికి ఒక పద్ధతి ఉంది. అబ్బా మళ్లీ తెల్లోళ్ల గొప్పలా అనకండి, కాస్త వినండి, ఈ సభా పద్ధతుల్లో సగం మనం వాళ్ల దగ్గర తెచ్చుకున్నవే. వాళ్ల హౌస్ ఆఫ్ కామన్స్ సెలవులకి వెళ్లే ముందు ఒక చర్చ పెడతారు, అందులో ఎవరైనా తమ నియోజకవర్గం సంగతి ఏదైనా చెప్పుకోవచ్చు, బస్సు రూటు, మూతపడ్డ బ్యాంకు బ్రాంచి, మున్సిపల్ పార్కు, ఏదైనా. చివర్లో ప్రభుత్వం తరఫున ఒకరు లేచి సమాధానం చెప్పాలి, తప్పించుకోవడానికి లేదు. అది కాకుండా రోజూ సభ ముగిసేటప్పుడు అరగంట, ఒక ఎంపీ ఒక విషయం, సంబంధిత శాఖ మంత్రి జవాబు.

అక్కడ డేవిడ్ ఎమిస్ అని ఒకాయన ఉండేవారు, 1997 నుంచి సౌత్‌ఎండ్ వెస్ట్ ఎంపీ. సెలవుల ముందు చర్చ వచ్చిందంటే ఆయన చిట్టా పట్టుకుని లేచేవారు, గుక్క తిప్పుకోకుండా వరసగా సమస్యలు చదివేసి ఆఖర్న మా సౌత్‌ఎండ్‌కి సిటీ హోదా ఇవ్వండి అనేవారు. ప్రతిసారీ. సభంతా నవ్వేది, వచ్చాడ్రా మళ్లీ అన్నట్టు. 2021 అక్టోబర్ 15న సొంత నియోజకవర్గంలో జనం సమస్యలు వింటున్నప్పుడు ఆయన్ని కత్తితో పొడిచి చంపేశారు. మూడు రోజులకి ప్రధాని బోరిస్ జాన్సన్ సభలో సిటీ హోదా ఇస్తున్నట్టు ప్రకటించారు, 2022 మార్చిలో పత్రాలు చేతికిచ్చారు. వేసవి సెలవుల ముందు జరిగే ఆ చర్చకి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు.

ఇందులో నాకు గొప్పగా అనిపించేది ఎంత ఉందో చేదుగా అనిపించేది అంతే ఉంది. అన్నేళ్లు అడిగితే ఇవ్వనిది మనిషి పోయాక మూడు రోజుల్లో ఇచ్చారంటే, మరి ఇవ్వడానికి ఇన్నాళ్లూ అడ్డేముంది? అంటే అక్కడ కూడా ప్రభుత్వం తరఫు జవాబుల్లో చాలావరకు తియ్యటి మాటలే. కానీ ఒక తేడా ఉంది, అక్కడ కాదు అన్నవాడు నిలబడి, పేరుతో సహా కాదు అనాలి. మన దగ్గర కాదు అనే శ్రమ కూడా ఎవరూ తీసుకోరు.

మన దగ్గర ఇలా అడిగి అడిగి గొంతు పోయిన కథలు తక్కువా? కోనసీమ రైలు చూడండి. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్లు, 2000-01లో మంజూరైంది, గోదావరి పాయల మీద వంతెనలు కట్టాలి కష్టమే, కానీ పాతికేళ్లు దాటినా అమలాపురంలో రైలెక్కే భాగ్యం లేదు. మధ్యలో ఎంతమంది ఎంపీలు మారారో, అడగడం మాత్రం ఆగలేదు. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ ఇంకా పాత కథ, 1980ల నాటి డిమాండ్, అప్పట్లో ఫ్యాక్టరీ పంజాబ్‌లో కపూర్తలాకి పోయింది, కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కి శంకుస్థాపన జరిగేసరికి 2023 జూలై అయింది. అప్పుడు కాలేజీలో ధర్నా చేసిన కుర్రాళ్లకి ఇప్పుడు మనవలు.

నిజామాబాద్ పసుపు రైతులైతే పసుపు బోర్డు కోసం సభల మీద నమ్మకం పెట్టుకోవడం మానేసి వాళ్లే పోటీకి దిగారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క సీటుకి 185 మంది అభ్యర్థులు, అందులో ఎక్కువ మంది రైతులే. ఓటింగ్ మిషన్లు వరసగా పేర్చి పెట్టాల్సొచ్చింది. అది చూసి దేశమంతా ఎవర్రా వీళ్లు అని తిరిగి చూసింది. బోర్డు ప్రకటన 2023లో వచ్చింది, 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. ఒక పంటకి బోర్డు కావాలని అడగడానికి రైతు డిపాజిట్ కట్టి నామినేషన్ వేయాల్సి వచ్చిందంటే, సభలో అడిగినవన్నీ ఎటు పోయాయో మీరే ఆలోచించుకోండి.

ఇంక సభే నడవకపోతే ఆ రెండు నిమిషాలు కూడా గోవిందా. 2025 వర్షాకాల సమావేశాల్లో లోక్‌సభలో 120 గంటలు చర్చ జరగాలనుకుంటే జరిగింది 37 గంటలు. తప్పు అధికార పక్షానిదా ప్రతిపక్షానిదా అని కొట్టుకోండి, నేను అందులోకి రాను, పెద్ద విషయం మీద చర్చ కావాలని పట్టుబట్టడం ప్రతిపక్షం హక్కే. కానీ గొడవలో మొదట ఎగిరిపోయేది ఎవరి టైమ్? బిల్లులు గొడవలో కూడా పాస్ అయిపోతాయి, మూజువాణి ఓటు చాలు. లీడర్లకి బయట మీడియా పాయింట్ ఉంది. పోయేది మొదటిసారి గెలిచి, బ్యాలెట్‌లో పేరొచ్చి, కాగితం రాసుకుని వచ్చిన వెనక బెంచీ ఎంపీ రెండు నిమిషాలు. పైగా సభ కూర్చునే రోజులే తగ్గిపోయాయి, మొదటి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజులు కూర్చుంటే పదిహేడోది 55 రోజులు. అప్పటికంటే జనాభా ఎన్ని రెట్లు పెరిగిందో తెలుసుగా.

నేను అడిగేది మరీ గొంతెమ్మ కోరికేం కాదు. ప్రతి సెషన్ ఆఖర్లో ఒక రోజు, కనీసం ఒక పూట, ఏం గొడవ జరిగినా ముట్టుకోకూడని టైమ్‌గా పెట్టండి. మెంబర్లు ముందే విషయం రాసిస్తారు కాబట్టి శాఖలకి తయారవడానికి వారం ఉంటుంది. రైల్వే మంత్రి, హైవేల మంత్రి, హెల్త్ మంత్రి, ఎక్కువ విషయాలు వచ్చేది వీళ్ల శాఖలకే కాబట్టి వీళ్లు కచ్చితంగా కూర్చుని ఒక్కోదానికి ఒక్క ముక్క చెప్పాలి, అవుతుంది, కాదు, ఇన్ని నెలలు పడుతుంది. ఆ మాట హామీల కమిటీ లెక్కలోకి పోవాలి. రాతపూర్వక జవాబులు ఎంపీ ఫైల్లో కాదు, సంసద్ వెబ్‌సైట్లో ప్రసంగం పక్కనే ఉండాలి. ఎంపీ పేరు కొడితే ప్రసంగం దొరుకుతోంది కదా, పక్కన ఇంకో పీడీఎఫ్ పెట్టడానికి ఏం రోగం.

అలాగే మన ఎంపీలకో మాట. ఆంధ్రాలో 25 మంది, తెలంగాణలో 17 మంది ఉన్నారు. దయచేసి వచ్చీరాని హిందీలో కష్టపడకుండా తెలుగులో మాట్లాడండి, ముందు చెప్తే అనువాదం చేసేవాళ్లున్నారు అక్కడ. మీరు చెప్పేది ఎవరి గురించో వాళ్లకి కూడా అర్థం కావాలి కదా.

మా దగ్గర హైవే మీద ఒక అండర్‌పాస్ కావాలని మా ఎంపీగారు సభలో అడిగారు, బాగానే అడిగారు, ఆ క్లిప్ మా ఫ్యామిలీ గ్రూపులో కూడా వచ్చింది. ఆయన పేజీలో ఆ వీడియో కింద "సార్ దీనికి శాఖ నుంచి ఏమని జవాబొచ్చిందో కూడా పెట్టండి" అని మర్యాదగానే కామెంట్ పెట్టాను. జవాబు రాలేదు గానీ, ఎవరో తమ్ముడు వచ్చి "నువ్వు ఏ పార్టీ అన్నా" అని అడిగాడు. రోడ్డు దాటే పార్టీ అని చెప్పాను, బ్లాక్ చేశాడు.