చదివింపుల్లో నాలుగో పేరు

నౌరూ, అబ్ఖాజియాల స్నేహాన్ని చూసి నవ్వేవాళ్లంటే నాకు చిరాకు. రెండు పెద్ద దేశాలు చేతులు కలిపితే చారిత్రక ఘట్టమని మొదటి పేజీలో వేసే పత్రికలు, రెండు చిన్న దేశాలు చేతులు కలిపితే వింతలు విశేషాల్లో వేస్తాయి. ఇది అన్యాయం. ప్రపంచ రాజకీయాల్లో ఇంత మచ్చలేని బంధం ఇంకొకటి నాకు కనబడలేదు. సరిహద్దు తగాదా లేదు, నీళ్ల పంచాయితీ లేదు, చేపల వేట గొడవ లేదు. కొట్టుకుందామనుకున్నా మధ్యలో 12 వేల కిలోమీటర్లకు పైగా అడ్డం.

అబ్ఖాజియా నల్ల సముద్రం ఒడ్డున ఉంది. కమలాపండ్లు పండుతాయి, చూడ్డానికి చాలా బాగుంటుంది. 1992-93 యుద్ధంలో జార్జియా నుంచి తెగిపోయింది. అప్పుడు సుమారు 2 లక్షల మంది జార్జియన్లు ఇళ్లు వదిలి పారిపోయారు, చాలామంది ఇప్పటికీ వెనక్కి వెళ్లలేదు. (ఈ ఒక్క వాక్యం దగ్గర మాత్రం నవ్వకండి.) 2008 ఆగస్టు 26న రష్యా దీన్ని స్వతంత్ర దేశంగా గుర్తించింది. ఆ తర్వాత అందరూ వరసకట్టి వస్తారని పందిరి వేసి కూర్చున్నారు. నికరాగ్వా వచ్చింది. ఏడాది తర్వాత వెనెజువెలా వచ్చింది. మిగతా కుర్చీలు ఖాళీ.

అలాంటి సమయంలో, 2009 డిసెంబరు 15న, పసిఫిక్ మహాసముద్రం మధ్యలోంచి నౌరూ వచ్చింది. విదేశాంగ మంత్రి కీరెన్ కేకే స్వయంగా కాకసస్ దాకా తరలి వచ్చాడు. మర్నాటికి, అలాగే జార్జియా నుంచి తెగిపోయిన దక్షిణ ఒసేతియాను కూడా గుర్తించేశారు. అంత దూరం నుంచి వచ్చినప్పుడు ఒక్క పెళ్లి చూసుకుని పోతే దారిఖర్చులు గిట్టవు కదా.

ఖర్చులంటే గుర్తొచ్చింది. ఈ గుర్తింపు కోసం నౌరూ రష్యాను 5 కోట్ల డాలర్లు అడిగిందని మాస్కో పత్రిక కొమ్మెర్సాంత్ రాసింది. మన పెళ్లిళ్లలో వచ్చినవాళ్లు 116 రూపాయలు చదివిస్తే మైకులో పేరు చదువుతారు. ఇక్కడ వ్యవహారం తిరగబడింది: వచ్చినవాడే, నా పేరు మైకులో చదివిస్తే నాకేమిస్తారు అని అడిగాడన్నమాట. అదీ పెళ్లికూతుర్ని కాదు, ఆవిడ పెద్దన్నయ్యని.

దీన్ని దురాశ అనేముందు నౌరూ కథ కాస్త వినాలి. 21 చదరపు కిలోమీటర్ల దీవి, 12 వేల చిల్లర జనాభా. అధికారికంగా రాజధాని అంటూ లేదు, పెట్టినా దాన్ని మిగతా దేశం నుంచి విడదీసి చూపించడం కష్టం. ఆ నేలంతా ఫాస్ఫేట్. పక్షుల రెట్టే యుగాల తరబడి గట్టిపడి అలా అయిందంటారు. దాన్ని వందేళ్లు తవ్వారు, మొదట్లో పరాయివాళ్లు, 1968లో స్వాతంత్ర్యం వచ్చాక సొంతవాళ్లు. 1970లలో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే పైవరసలో ఉన్నారు. ఆ డబ్బుతో మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల మేడ కట్టారు. అక్కడి జనం దానికి ముద్దుగా పక్షిరెట్ట మేడ అని పేరు పెట్టారు. లండన్‌లో సంగీత నాటకానికి పెట్టుబడి పెట్టారు, అదీ మునిగింది. మేడ 2004లో అమ్ముడైంది. 2005 చివర్లో దేశానికున్న ఒకే ఒక్క విమానాన్ని అప్పులవాళ్లు పట్టుకుపోయారు.

కాళ్ల కింద నేలే తవ్వి అమ్ముకున్నాక ఇంకేం మిగిలింది? ఐక్యరాజ్యసమితిలో 1999లో వచ్చిన కుర్చీ, ఒక ఓటు, ఒక సంతకం. ఫాస్ఫేట్ తవ్వితే తరిగిపోతుంది. సంతకం అలా కాదు, ఎన్నిసార్లు పెట్టినా సిరా ఖర్చే. పైగా పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకుని, ఇంకొకరికి మళ్లీ పెట్టొచ్చు. తైవాన్‌కిచ్చిన గుర్తింపు వదిలి 2002లో చైనాతో కలిశారు. 2005లో చైనాను వదిలి తైవాన్ దగ్గరికి వచ్చారు. 2024 జనవరిలో, తైవాన్‌లో ఎన్నికలైన రెండు రోజులకే, మళ్లీ చైనాతో కలిశారు. ఇంత సారవంతమైన గని ఫాస్ఫేట్ రోజుల్లో కూడా లేదు. ఇదే బేరం పెద్ద దేశాలు యుద్ధ విమానాలతో చేస్తే వ్యూహాత్మక భాగస్వామ్యం అంటారు, మాటలో కాస్త బరువుంటుంది.

బరువు విషయంలోనూ నౌరూకి లోటు లేదు లెండి. అబ్ఖాజియాను గుర్తించినప్పటి అధ్యక్షుడు మార్కస్ స్టీఫెన్ వెయిట్‌లిఫ్టర్, కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకాలు గెలిచినవాడు. ఎవరి తరఫున ఎంత మోయాలో ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

ఇక రాకపోకలు. అబ్ఖాజియా రాజధాని సుఖుమిలో ఉండే పౌరుడికి తన మిత్రదేశాన్ని చూడాలనిపించిందనుకుందాం. సొంత విమానాశ్రయం ఉంది, కానీ యుద్ధం తర్వాత 2025 దాకా అక్కడి నుంచి మామూలు విమానాలు ఎగరలేదు. కాబట్టి అప్పటిదాకా దారి ఇదీ: సరిహద్దు దాటి రష్యాలో సోచి, అక్కడి నుంచి మాస్కో, ఆ తర్వాత ఎలాగోలా ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్, అక్కడ నౌరూ విమానం. చిక్కు ఎక్కడంటే, అబ్ఖాజియా పాస్‌పోర్టు బ్రిస్బేన్‌లో చెల్లదు. రష్యా పాస్‌పోర్టు చూపించాలి. అంటే నౌరూ గుర్తించిన దేశపు పౌరుడు నౌరూకి వెళ్లాలంటే దారిలో తను వేరే దేశపు పౌరుణ్నని చెప్పుకోవాలి. మర్యాద తెలిసిన స్నేహితులు కాబట్టి ఒకరింటికి ఒకరు వెళ్లి ఇబ్బంది పెట్టుకోరు.

నౌరూ నిలకడ విలువ తెలియాలంటే పక్కింటి వనువాటును చూడాలి. 2011 మే నెలాఖరులో, వనువాటు మమ్మల్ని గుర్తించిందోచ్ అని సుఖుమి ప్రకటించింది. అబ్బే, అలాంటిదేం లేదని న్యూయార్క్‌లోని వనువాటు రాయబారి అన్నాడు. గుర్తించిన మాట నిజమేనని వాళ్ల విదేశాంగ మంత్రి అన్నాడు. ఈలోగా అక్కడ ప్రధాని మారి, కొత్తాయన లేదన్నాడు. పాతాయన మళ్లీ వచ్చాడు, ఉందన్నాడు. పిల్లనిస్తామని బాబాయి మాటిచ్చి, నాకు తెలియదని నాన్న అని, అడిగి చెబుతానని మేనమామ తప్పించుకుంటే మగపెళ్లివారి టెన్షన్ ఎలా ఉంటుందో, సుఖుమిలో అలా ఉండి ఉంటుంది. చివరికి 2013లో వనువాటు నేరుగా జార్జియాతోనే సంబంధం కలుపుకుని, అబ్ఖాజియా వాళ్లదేనని ఒప్పుకుంది. 2011 సెప్టెంబరులో వచ్చిన ఇంకో పసిఫిక్ దీవి దేశం తువాలు కూడా 2014 మార్చిలో చదివింపు వెనక్కి తీసుకుని లేచిపోయింది.

నౌరూ మాత్రం లేవలేదు. 2024లో తైవాన్‌ను వదిలేటప్పుడు, ఇదంతా మా దేశం, మా ప్రజల మేలు కోసమేనని ఒక ప్రకటన ఇచ్చారు. ఆ వాక్యం చదివి సుఖుమి విదేశాంగ శాఖలో ఎవరైనా గ్లాసెడు మంచినీళ్లు తాగారేమో చెప్పలేను. వాళ్ల జాబితాలో నౌరూ పేరు అలాగే ఉంది, రష్యా, నికరాగ్వా, వెనెజువెలాల తర్వాత, నాలుగో వరసలో.