డౌలా అనవసరమన్న వాదనలో పస ఎంత?

"ఆసుపత్రిలో డాక్టరు, నర్సులు ఉంటారు, పక్కన భర్త ఉంటాడు, ఇక డౌలా ఎందుకు? వైద్యం తెలియని మనిషి వైద్యానికి అడ్డు తగలడం తప్ప ఒరిగేదేమీ లేదు, ఇదంతా డబ్బున్నవారి సరదా" అనే వాదన ఈమధ్య విరివిగా ప్రచారమవుతోంది. డౌలా అంటే కాన్పు సమయంలో తల్లి పక్కనే ఉండి ధైర్యం, ఊరట ఇచ్చే సహాయకురాలు. ఆ వాదనలోని ఒక్కొక్క మాటనూ విడదీసి చూడవలసి ఉంది.

నర్సులుండగా డౌలా ఎందుకన్నది మొదటి మాట. తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు దాటడం అరుదేమీ కాదు. ఆ వ్యవధిలో నర్సు మరికొందరు గర్భిణులను కూడా చూసుకోవాలి, రికార్డులు రాయాలి, డ్యూటీ ముగియగానే ఇంకొకరికి అప్పగించి వెళ్లాలి. ఇది ఆమె లోపం కాదు, ఉద్యోగ స్వభావమే అంత. అమెరికా, కెనడాల్లోని 13 ఆసుపత్రుల్లో 6,915 మంది గర్భిణులపై జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు విడవకుండా తోడున్నా సిజేరియన్లు తగ్గలేదు. మరోవైపు, 26 అధ్యయనాల్లోని 15,858 మంది వివరాలను క్రోడీకరించి, వైద్య పరిశోధనలను మదింపు చేసే కాక్రేన్ సంస్థ 2017లో వెలువరించిన సమీక్షలో, ఎవరో ఒకరి నిరంతర తోడు దొరికినవారికి సిజేరియన్లు సుమారు నాలుగో వంతు తగ్గాయి, నొప్పుల వ్యవధి సగటున నలభై నిమిషాలు తగ్గింది. ఆ తోడు డౌలా పాత్రలో ఉన్నప్పుడు సిజేరియన్ల తగ్గుదల మరింత ఎక్కువగా కనిపించింది. ఈ ఆధారాల నాణ్యత తక్కువేనని సమీక్షకులే చెప్పారు కనుక, డౌలా ఉంటే సిజేరియన్ రానే రాదని ఊదరగొట్టేవారిని కూడా నమ్మనక్కరలేదు.

వైద్యం తెలియదన్న మాట నిజమే, కానీ అది ఆక్షేపణ ఎలా అవుతుందో అర్థం కాదు. డౌలా మంత్రసాని కాదు. ఆమె లోపలి పరీక్ష చేయదు, మందులివ్వదు, బిడ్డ గుండె చప్పుడు చూసి నిర్ణయాలు చెప్పదు. ఆమె పని వేరు. బిడ్డ వీపు తల్లి వెన్ను వైపు తిరిగి ఉన్నప్పుడు నొప్పంతా నడుములోనే పొడిచినట్టుంటుంది. అప్పుడు తల్లిని ముందుకు వంచి మంచం పట్టీ పట్టుకోమని చెప్పి, నొప్పి మొదలైన క్షణం నుంచి తగ్గేదాకా నడుము కింది ఎముకపై అరచేతి అడుగు భాగంతో గట్టిగా అదిమి పట్టి, విరామంలో గుక్కెడు నీళ్లు తాగించి, మళ్లీ నొప్పి రాగానే అదే చోట చేయి వేస్తుంది. గంటల తరబడి ఇలా చేసే తీరిక ఆ గదిలో ఇంకెవరికి ఉంటుంది?

భర్త సంగతి తేలిక. డౌలా ఆయన స్థానాన్ని ఆక్రమించదు. భయపడి మూల నిలబడ్డ మనిషికి ఎక్కడ చేయి వేయాలో చూపిస్తుంది, ఆయన కాసేపు కునుకు తీసి వచ్చేదాకా తానుంటుంది.

వైద్యానికి అడ్డు తగులుతుందన్న ఆరోపణ తీవ్రమైనది. డాక్టరు సూచించిన మందును వద్దని చెప్పే డౌలా తన హద్దు దాటినట్టే, దాన్ని సమర్థించే పని లేదు. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తుమందు) తీసుకోవాలనుకున్న తల్లికీ డౌలా తోడుంటుంది, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగడానికి సాయపడుతుంది. "ఇప్పుడే చేయాలా, ఇంకో గంట ఆగితే ప్రమాదమా?" అని అడిగే హక్కు తల్లికి ఉందని గుర్తుచేస్తుంది, జవాబు మాత్రం డాక్టరే చెప్పాలి. తల్లి కోరుకున్న వ్యక్తి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది.

ఇక డబ్బున్నవారి సరదా అన్న మాట. డౌలాలపై వచ్చిన తొలి అధ్యయనాల్లో ఒకటి, 1991 నాటిది, అమెరికాలోని హ్యూస్టన్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగింది. డౌలా తోడున్నవారిలో 8 శాతం మందికి, ఆ తోడు లేకుండా మామూలు సంరక్షణే పొందినవారిలో 18 శాతం మందికి సిజేరియన్ అయింది. రుసుము చెల్లించి డౌలాను పెట్టుకోవడం చాలామందికి భారమేనన్నది వాస్తవం. అయితే 2006లో వెలువడిన మరో అధ్యయనంలో, తక్కువ ఆదాయం గల 600 మంది తొలి చూలు గర్భిణుల్లో కొందరికి వారు ఎంచుకున్న స్నేహితురాళ్లకో బంధువులకో రెండు విడతలుగా, విడతకు రెండేసి గంటలు శిక్షణ ఇచ్చి తోడుగా ఉంచారు. సిజేరియన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు గానీ, ఆ తోడు దొరికిన తల్లులకు నొప్పుల వ్యవధి గంటకు పైగా తగ్గింది.