ఆత్మకూరును పొరుగు దేశంగా ప్రకటించాలి

సీతమ్మవారి పుట్టింటికి 2022 ఏప్రిల్ 2న పెద్ద రైలు వచ్చింది. బీహార్‌లోని జయనగర్‌లో బయలుదేరి, సరిహద్దు దాటి, నేపాల్‌లోని జనకపురం మీదుగా మొదట్లో కుర్తా దాకా 35 కిలోమీటర్లు పోయేది. మా నెల్లూరు జిల్లా ఆత్మకూరు మీదుగా పోవలసిన నడికుడి–శ్రీకాళహస్తి మార్గం 309 కిలోమీటర్లు. 2011-12లో మంజూరైంది. మా ఊళ్లో ఇంకా కూత వినబడలేదు. కారణం కనిపెట్టడానికి బస్టాండు ఎదుట టీ అంగడిలో నెల రోజులు పరిశోధన చేశాను. లోపం మాదేనని తేలింది. మాకు దేశ సరిహద్దు లేదు.

చరిత్ర చూడండి. 1937లో, నేపాల్‌లో రాణా వంశం ఏలుబడిలో, ఆ జయనగర్ రైలు దారి వేసింది భక్తితో కాదు, మహోత్తరి అడవుల కలప కోసం. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. మా వసారా గుమ్మం అంతకంటే విశాలం. అడవి తరిగాక దుంగల చోట మనుషులు ఎక్కారు. పెట్టెల్లో చాలక కప్పుల మీదా ఎక్కారు. వరదకు వంతెన కొట్టుకుపోయి 2001లో బిజల్‌పురా వైపు ముక్క మూతపడింది. మిగిలినదాన్ని 2014లో బ్రాడ్‌గేజి కోసం ఆపేశారు.

ఇక ఆధునికీకరణ ఘట్టం, చాలా రసవత్తరం. డబ్బు భారత ప్రభుత్వ గ్రాంటు, పని మన ప్రభుత్వ రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్‌ది. పెరంబూరులో తయారైన రెండు డీజిల్ రైళ్లు కొంకణ్ రైల్వే ద్వారా 2020 సెప్టెంబరులో అక్కడికి చేరాయి. (పెరంబూరు మాకు కూతవేటు దూరమే. కూత మాత్రం హిమాలయాల వైపు వెళ్లింది.) తీరా చూస్తే నడిపేవాళ్లు లేరు, చట్టమూ సిద్ధంగా లేదు. పెళ్లికూతురు ముస్తాబైంది, పల్లకీ వాకిట్లో ఉంది, బోయీలు లేరు. ఏడాదిన్నర పాటు ఆ రైళ్లకు పైన టార్పాలిన్ పట్టా, కింద ఇనుప పట్టా. ఆఖరికి సిబ్బందిలో కొందరిని కూడా ఇక్కడి నుంచే పిలిపించుకున్నారు. మాదీ పట్టాల గొడవే. పొలం పట్టా పోయింది, రైలు పట్టా రాలేదు.

కాబట్టి సంగం బ్యారేజీ దగ్గర అంతర్జాతీయ సరిహద్దు గీసి, ఆత్మకూరును పొరుగు దేశంగా ప్రకటించాలని సవినయంగా మనవి చేస్తున్నాను. గ్రాంటు దానంతట అదే వస్తుంది. అక్కడి రైలును ఇద్దరు ప్రధానులు కలిసి ప్రారంభించారు, మాకూ ఇద్దరు దొరుకుతారు. మొలగొలుకుల బియ్యం ఎగుమతి అవుతుంది, నెల్లూరు చేపల పులుసు మీద సుంకం పడుతుంది. దానికి మేము సిద్ధమే. జయనగర్ రైలు ఎక్కాలంటే గుర్తింపు కార్డు చూపాలి, మూడో దేశం వాళ్లకు ప్రవేశం లేదు. ఈ నిబంధన మాకు మరీ నచ్చింది. సంక్రాంతికి వచ్చి కనుమ వెళ్లినా కదలని అల్లుళ్లను ఏ దేశస్థులుగా లెక్కించాలో తర్వాత తీరిగ్గా తేల్చుకుంటాం.

టీ అంగడాయనకు ఒక్కటే సందేహం. "అంతా బాగుంది సామీ, సరిహద్దుకు రాళ్లు ఎవరు తెచ్చి పాతుతారు?"

రాళ్లకు దిగులు పడవద్దన్నాను. మా చేలో సర్వేవాళ్లు ఎప్పుడో పాతి వెళ్లినవి ఉన్నాయి. ఒకదానికి ప్రస్తుతం బర్రెదూడను కట్టేశాను. ప్రభుత్వం కబురు పెడితే విప్పేస్తాను.