ముక్క తక్కువైతే పిల్లకి ఏం చెప్పాలి

ఆదివారం పూటంతా మా పాపా నేనూ దుప్పటి పరుచుకుని లెగో లాంటిదే వేరే కంపెనీ బ్రిక్ సెట్‌తో (ఒకదానికొకటి అతికించే ప్లాస్టిక్ ఇటుకల బొమ్మ) ఫైరింజన్ కట్టాం, అది ముక్కలు ఏరిస్తుంది నేను బుక్ చూసి చెప్తా, అంతా బాగానే నడిచింది, తీరా చివర్లో నిచ్చెన తిరగడానికి పెట్టాల్సిన పిన్ను డబ్బాలో లేనే లేదు! కవర్లన్నీ దులిపాం, మంచం కింద కూడా వెతికాం, లేదంతే. పైగా బుక్‌లో నలుపూ ముదురు బూడిద రంగూ ఒకేలా ప్రింటయ్యాయి, ఏది ఏదో దేవుడికే తెలియాలి. కొన్ని ముక్కలు ఎంత నొక్కినా దిగవు, కొన్నేమో ముట్టుకుంటే ఊడిపోతాయి. 1958 నాటి లెగో ఇటుక ఈరోజు వచ్చే ఇటుకకి కూడా టక్కున అతుక్కుంటుంది, ఈ కంపెనీ వాళ్ళకి మాత్రం ఒకే డబ్బాలో రెండు ముక్కలు కుదరవు. ఒరిజినల్ లెగో కొందామంటే రేటు చూస్తేనే గుండె గుభేలుమంటుంది.

కుదురుగా కూర్చుని అంత కట్టిన పిల్ల "నాన్నా, ఇంక నిచ్చెన తిరగదా?" అని అడుగుతుంటే ఒళ్ళు మండిపోయింది నాకు. షాపుకెళ్తే "ఓపెన్ చేసినవి తీసుకోమండీ" అన్నాడు. ఓపెన్ చేయకుండా ముక్క లేదని ఎలా తెలుస్తుందయ్యా? చిన్న ముక్కలు నాలుగు ఎక్స్‌ట్రా వేస్తే ఆ కంపెనీ వాడి సొమ్మేం పోతుంది?